ముప్ఫై ఆరింట్లో ఒక్క పిచ్చుకా లేదు

మొన్న ఆదివారం పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. "పెదవాల్తేరు ఇల్లు నెలాఖరుకి బిల్డర్‌కి అప్పజెప్పేయాలిరా. సామానంతా తీసేశాం, బాబాయి బీరువా ఒక్కటే మిగిలింది. వచ్చి చూసుకో, నీకు అక్కర్లేకపోతే పాతసామాన్లవాడికి ఇచ్చేస్తా" అంది. ఇలాంటి విషయాల్లో అక్కతో బేరాలు కుదరవు. వెళ్లాను.

బీరువా పైఅరలో ఆఫీసు కాగితాలు, పాత పంచాంగాలు. కింది అరలో తువ్వాలు చుట్టిన పెద్ద స్టీలు డబ్బా. మూత బిగుసుకుపోతే చెంచా కాడతో లేపాల్సొచ్చింది. లేవగానే గుప్పుమని వాసన కొట్టింది. నాఫ్తలీన్ ఉండలు, తోలు, వేయించిన బియ్యం, వాటన్నిటి అడుగున వానాకాలం గోడ వాసన. అక్క కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని అవతలికి వెళ్లిపోయింది. నేను మాత్రం అక్కడే నేల మీద చతికిలపడ్డాను. బాబాయి గదిలోకి వెళ్తే వచ్చే వాసన అదే.

డబ్బాలో ఆయన జెనిట్ కెమెరా, దాని పక్కన గుడ్డలో మూటకట్టిన బియ్యం, రబ్బరుబ్యాండు కరిగి అతుక్కుపోయిన నెగటివ్ కవర్లు, ఒక లెక్కల పుస్తకం ఉన్నాయి. బియ్యం ఎందుకని అడగొచ్చు మీరు. విశాఖలో కెమెరా కొన్నవాడికి సముద్రమే మొదటి శత్రువు. ఉప్పుగాలికి స్క్రూలు తుప్పు పడతాయి, తేమకి లెన్సు లోపల సాలెగూడులా బూజు అల్లుకుంటుంది. అందుకని బాబాయి ప్రతి వానాకాలం మామ్మని బతిమాలి గుప్పెడు బియ్యం వేయించి మూట కట్టించుకునేవాడు. "అన్నానికి లేని మర్యాద నీ డబ్బాకేటిరా" అని మామ్మ సణిగేది, అయినా వేయించేది.

*

ఆ ఇల్లు మేం ఉన్నప్పుడు పెంకుటిల్లు. ముందు అరుగు, వెనక పెద్ద పెరడు. పెరట్లో నుయ్యి, నూతి పక్కన జామచెట్టు, గోడ వారన మునగ, మందారాలు, నందివర్ధనం, కొసన రెండు కొబ్బరిచెట్లు. ఇప్పుడు లెక్కేస్తే అయిదారు సెంట్లకు మించి ఉండదేమో గానీ, అప్పుడు మాకు అదో అడవి.

తెల్లారుజామున చీకటి ఉండగానే కొబ్బరిమట్ట మీద నలంచి ఈల వేసేది. నలుపూ తెలుపూ, తోక పైకెత్తి, సాధన చేసే పాటగాడిలా ఒకే ముక్కని నాలుగు రకాలుగా తిప్పి పాడేది. తర్వాత కాకులు. తర్వాత గోరింకల గొడవ. ఆ సందడిలోనే ఎక్కడో పోర్టు వైపు నుంచి ఓడ కూత లీలగా వినిపించేది, దాని వెనకాల పాలవాడి సైకిలు గంట. ఎండ ఎక్కేవేళకి కంసాలిపిట్ట మొదలుపెట్టేది. టుక్, టుక్, టుక్ అని, రాగిబిందె మీద సుత్తి దెబ్బలు లెక్కపెట్టినట్టు, విసుగూ విరామం లేకుండా. అదెక్కడ కూర్చుందో పట్టుకోవడం మాకు ఎండాకాలం సెలవుల్లో పెద్ద పందెం. తల అటూ ఇటూ తిప్పుతూ కూస్తుంది కాబట్టి శబ్దం ఒకసారి ఈ కొమ్మ నుంచి, ఒకసారి ఆ కొమ్మ నుంచి వచ్చినట్టుంటుంది. ఆకుపచ్చ ఆకుల్లో ఆకుపచ్చ పిట్ట, నుదుటి మీద ఎర్ర బొట్టు. అక్కే ఎప్పుడూ ముందు చూసేది. నాకు ఇప్పటికీ ఆ ఒప్పుకోలు కష్టం.

బాబాయి పోర్టులో గుమస్తా. పెళ్లి చేసుకోలేదు. పిట్టలకి ఆయన ఆఫీసు పేర్లు పెట్టేవాడు. ఎర్రకళ్లతో, రాగిరంగు రెక్కలతో, ఎవరినీ లెక్కచేయకుండా ప్రహరీ మీద నెమ్మదిగా నడుచుకుంటూ పోయే జెముడుకాకి సూపరింటెండెంటు. దండెం మీద కూర్చుని తనకంటే రెట్టింపున్న కాకిని తరిమికొట్టే పసులపోలిగాడు యూనియన్ లీడరు. నూతి గిలక స్తంభం మీద గంటలకొద్దీ కదలకుండా కూర్చునే లకుముకిపిట్ట క్యాషియరు. నుయ్యిలో చేపల్లేవు కదా, ఇదేం చేస్తుంది ఇక్కడ అని నా అనుమానం. "దానికి చేపే కావాలని ఎవరు చెప్పార్రా, బల్లి దొరికినా మిడత దొరికినా పండగే" అని బాబాయి చూపించేవాడు. నిజమే, అది బల్లిని పట్టుకొచ్చి స్తంభానికేసి టపటపా బాదడం నా కళ్లతో చూశాను. ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినలేకపోయాను.

*

జెనిట్ ఆయనకి ఎలా వచ్చిందంటే, నేవీ పని మీద విశాఖలో ఉన్న రష్యావాళ్లెవరో తిరిగి వెళ్లిపోతూ అమ్మేసిన సామానులో దొరికింది. ఇటుకంత బరువు. దాంతో వచ్చిన లెన్సు 58 మిల్లీమీటర్లది, హీలియోస్. మనుషుల ముఖాలకి అద్భుతంగా ఉంటుంది. పిట్టలకి అస్సలు పనికిరాదు. పది అడుగుల దూరంలో పిట్టని తీస్తే ఫొటోలో ఆవగింజ కనిపిస్తుంది. దూరానికి పనికొచ్చే లెన్సు కొనే స్తోమత ఎలాగూ లేదు, అందుకని బాబాయి తనే దగ్గరకి వెళ్లే మార్గం కనిపెట్టాడు.

నూతి గట్టు పక్కన పగిలిన కుండ అడుగులో నీళ్లు పోసి పెట్టేవాడు. దానికి నాలుగడుగుల దూరంలో పీట వేసుకుని, ఒళ్లంతా గోనెపట్టా కప్పుకుని, కెమెరా మూతి మాత్రం బయటపెట్టి కూర్చునేవాడు. మే నెల ఎండలో. లోపల ఆయన ఉన్నాడని తెలియని చాకలామె ఒకసారి ఆ గోనెపట్టా మీద తడిబట్టలు వేసింది. ఆయన కదల్లేదు, ఎందుకంటే పిగిలిపిట్ట అప్పుడే వచ్చి కుండ అంచు మీద వాలింది.

ఇంకో ఇబ్బంది ఉంది. జెనిట్ మీట నొక్కితే వచ్చే చప్పుడు తలుపు గడియ పడ్డట్టే ఉంటుంది. ఠప్. పిట్ట తుర్రు. కాబట్టి రోజుకి, పిట్టకి, ఒక్క ఫొటో. రీలుకి ముప్ఫై ఆరు, ఏడాదికి రెండు రీళ్లు, ఆయన జీతంలో అంతకంటే కుదరదు. సగం గోనెపట్టా కిందే ఖర్చయ్యేవి, మిగతా సగం పండగలకీ మా పుట్టినరోజులకీ. రీలు అయిపోయాక జగదాంబ దగ్గర ఒక స్టూడియోలో కడగడానికి ఇచ్చేవాడు. నేనూ వెంట వెళ్లేవాణ్ణి. స్టూడియో ఆయన ప్రింట్లు తిరగేసి, "ఏటండీ ఇది, అన్నీ చెట్లే తీశారు, మనుషులెక్కడా?" అని పాపం నిజంగానే జాలిపడేవాడు.

అందుకే బాబాయి లెక్కల పుస్తకంలో ప్రతి ఫొటోకీ ఒక వరుస. ఇప్పుడు తిరగేస్తుంటే నవ్వొస్తోంది. 'నెం. 14. తేనెపిట్ట, మందారం మీద. వెలుతురు చాలలేదు.' 'నెం. 15. పసుప్పచ్చ పిట్ట, గుండె మీద నల్ల గీత. కొత్త జాతి.' ఆ కొత్త జాతి ఆయన పుస్తకంలో మూడేళ్ల పాటు వచ్చిపోయింది. ఆ తర్వాత ఎవరో సలీం అలీ ఇండియన్ బర్డ్స్ పుస్తకం, 1941లో మొదటిసారి అచ్చయిందే, దాని తర్వాతి ముద్రణ ఒకటి తెచ్చిస్తే అసలు సంగతి తెలిసింది. పిల్లలు చేసే కాలంలో ఊదారంగులో నిగనిగలాడే మగ తేనెపిట్టే, ఆ కాలం అయిపోగానే ఆ కోటు విడిచేసి పసుప్పచ్చగా మారి, గుండె మీద ఒక్క నల్లగీతతో తిరుగుతుంది. కొత్త జాతి కాదు, పాత పిట్టే, ఇంట్లో వేసుకునే బనీనుతో. ఎర్ర సిరాతో మూడేళ్ల వరసలూ కొట్టేసి, పక్కన 'క్షమించాలి' అని రాసుకున్నాడు. ఎవరిని అడిగాడో తెలీదు.

*

ఇక పిచ్చుకలు. అవి పెరటివి కావు, ఇంటివి. సంక్రాంతికి ఊరి నుంచి ఎవరో ఒకరు కొత్త వరికంకులు పట్టుకొచ్చేవారు. మామ్మ వాటిని ఒళ్లో పెట్టుకుని, గడ్డి తడిపి, కంకులన్నీ కిందికి వేలాడేటట్టు జడలా అల్లి కుచ్చు కట్టేది. అరుగు దూలానికి ఆ కుచ్చు వేలాడేది. గంట తిరక్కుండా పిచ్చుకలు దిగేవి.

దగ్గరగా చూస్తే ఆ పని చూడముచ్చటగా ఉంటుంది. కంకికి తలకిందులుగా వేలాడి ఒక్క గింజ లాగుతుంది. ముక్కులో అడ్డంగా పెట్టుకుని, నాలుకతో తిప్పుతూ, ముక్కు అంచుతో నొక్కుతుంది. పొట్టు రెండు చెక్కలుగా విడిపోయి కిందికి రాలుతుంది, బియ్యపు గింజ లోపలికి పోతుంది. ఒక్కో గింజకి రెండు మూడు క్షణాలు, అంతే. ఇరవై పిచ్చుకలు అలా పని చేస్తుంటే అరుగంతా ఊకే. మామ్మ రోజుకి మూడుసార్లు ఊడ్చేది, ఊడుస్తూ మూడుసార్లూ తిట్టేది. మర్నాడు కుచ్చు పలచబడితే ఎవరినో ఒకరిని పురమాయించి ఇంకో నాలుగు కంకులు దోపించేదీ ఆవిడే.

దేవుడి పటాల వెనక వాటి గూళ్లు. దీపం కుందిలో గడ్డిపరకలు పడేవి. ఎండాకాలం ఫ్యాను వేసే ముందు తల పైకెత్తి చూడటం మా ఇంట్లో అందరికీ అలవాటు, ఎందుకో చెప్పక్కర్లేదు. గోడ అద్దంలో తనని తాను చూసుకుని శత్రువనుకుని పొడిచే మగ పిచ్చుక కోసం అద్దం మీద గుడ్డ కప్పేవాళ్లం. అక్క జడ వేసుకునేటప్పుడు గుడ్డ తీసేది, అది మళ్లీ యుద్ధానికి వచ్చేది.

ఒకరోజు మామ్మ, "కుచ్చు మీద ఎన్ని వాలాయో చూడు, ఓ ఫొటో తియ్యరాదూ" అంది. బాబాయి నవ్వాడు. "పిచ్చుకలకేం ఫొటోనే అమ్మా, రీలు దండగ. రోజూ ఉండేవే కదా."

*

వంగమొక్క గొడవ కూడా చెప్పాలి. దర్జీపిట్ట అని ఉంటుంది, బొటనవేలంత పిట్ట, దాని అరుపు మాత్రం వీధి చివరిదాకా వినిపిస్తుంది. మామ్మ వంగమొక్కల్లో ఒకదాన్ని అది ఎంచుకుంది. ఒక ఆకు అంచుల్లో ముక్కుతో వరసగా చిన్న చిన్న రంధ్రాలు పొడిచి, సాలెగూటి దారమూ దూది పోగులూ వాటిలోంచి లాగి, రెండు అంచులూ కలిపి సంచీలా కుట్టేసింది. ప్రతి కుట్టు బయటివైపు పోగు చిన్న ముడిలా ఉబ్బి ఉంటుంది, అందుకే జారదు. బాబాయి భూతద్దం పెట్టి మాకు ఆ కుట్లు లెక్కపెట్టించాడు. నాకు పద్నాలుగు వచ్చాయి, అక్కకి పదహారు.

ఆ క్షణం నుంచి వంగమడి దగ్గరికి ఎవరూ వెళ్లకూడదని ఆర్డరు. గుడ్లు పిల్లలయ్యి, పిల్లలు ఎగిరిపోయేదాకా, దాదాపు నెల. కాయలు ముదిరిపోయాయి, గింజ కట్టాయి. మామ్మ సంతలో డబ్బులు పెట్టి వంకాయలు కొంటూ, కొన్న ప్రతిసారీ బాబాయికి వినిపించేలా ధర చెప్పేది.

పొన్నంగి వచ్చింది కార్తీకమాసంలో. రాత్రంతా ముసురు. పొద్దున్న జామచెట్టు కింద ఎండుటాకులు ఎగిరెగిరి పడుతున్నాయి. ఎలుకేమో అనుకున్నాం. చూస్తే పిట్ట, పొట్టి తోక, ఆకుపచ్చ వీపు, గోధుమరంగు గుండె, కంటి మీదుగా నల్లటి కాటుక పట్టీ, తోక కింద కుంకుమ అద్దినట్టు ఎరుపు. హిమాలయాల కింది అడవుల్లోనూ మధ్య భారతంలోనూ వానాకాలంలో పిల్లల్ని పెంచి, చలికాలానికి దక్షిణాదికి వెళ్తూ, అలిసిపోయిన రాత్రి ఏ పెరడు దొరికితే ఆ పెరట్లో దిగిపోతాయట ఇవి. బాబాయి కెమెరా తెచ్చాడు. రీలులో ఒక్కటే మిగిలింది. గోనెపట్టాకి టైము లేదు. తడి నేల మీద పొట్టతో పాకాడు, ఆఫీసు ప్యాంటుతో. పది నిమిషాలు. మేం గుమ్మంలో ఊపిరి బిగబట్టుకుని ఉన్నాం. ఠప్.

ప్రింటు వచ్చాక చూస్తే పదునుగా కనిపించింది ఒక జామాకు. దాని వెనకాల కొద్దిగా ఎరుపు. ఆ ఎరుపు పొన్నంగి తోక కిందదని తెలిసినవాళ్లం ప్రపంచంలో నలుగురం. ఆ ఫొటో ఆయన పర్సులో రిటైరయ్యేదాకా ఉంది, ఎవరైనా పెళ్లి మాటెత్తితే తీసి చూపించేవాడు.

*

నా రోజులు వేరు. ఉద్యోగం వచ్చిన రెండేళ్లకే డిజిటల్ కెమెరా, 300 మిల్లీమీటర్ల లెన్సు కొన్నాను. ఠప్ కాదు, టకటకటక, సెకనుకి అయిదు. ఆదివారాలు కంబాలకొండ, ముడసర్లోవ. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం వెళ్లి చింతచెట్ల మీద పెలికాన్లని రోజంతా తీశాను. ఇవి సైబీరియా నుంచి వస్తాయని అందరూ చెప్పుకునేవారు, కానీ ఈ బూడిదరంగు పెలికాన్లు మన ఉపఖండం పక్షులే. దసరాకి పాలపిట్ట వెంటపడ్డాను. తీగ మీద కూర్చుంటే మట్టిరంగు ముద్ద, రెక్క విప్పితే నీలం మంట. అప్పుడు మన రాష్ట్ర పక్షి అదే, 2018లో రామచిలుకని చేశారు. ఆ రెక్క విప్పిన క్షణం నాకు దొరకడానికి నాలుగు దసరాలు పట్టింది. హార్డ్ డిస్కులు నిండాయి. బాబాయికి చూపిస్తే కళ్లజోడు పైకి తోసుకుని, "బాగున్నాయిరా. ఇందులో ఇది ఏం తింటోంది?" అని అడిగేవాడు. నాకు తెలిసేది కాదు. షట్టరు స్పీడు అడిగితే చెప్పేవాణ్ణి.

ఈలోగా ఇల్లు కూడా మారింది. కారుతోందని పెంకులు దించి శ్లాబు వేశాం. అందరికీ సుఖమే, నాతో సహా. దూలాలు పోయాయి, పటాలు గోడకి అంటుకుపోయే రకం వచ్చాయి, మామ్మ పోయాక కుచ్చు కట్టేవాళ్లు లేరు. పిచ్చుకలు ఏ రోజు నుంచి రావడం మానేశాయో మాలో ఎవరికీ గుర్తులేదు. సెల్ టవర్ల వల్లే అని ఎవరైనా అంటే బాబాయి ఒప్పుకునేవాడు కాదు. "టవరు దాకా ఎందుకురా, గూడు పెట్టుకునే కంత లేదు, పిల్లలకి పెట్టే పురుగు లేదు, చేటలో చెరిగే బియ్యం లేదు. అవి వెళ్లలేదు, మనమే పొమ్మన్నాం" అనేవాడు.

హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబర్ 12, ఆదివారం. నేను అప్పుడు ఊళ్లో లేను. ఫోన్లు మూగబోయాయి. రెండు రోజుల తర్వాత ఎవరిదో ఫోన్ నుంచి బాబాయి గొంతు. ఇంటి గురించి చెప్తాడనుకున్నాను. "జామచెట్టు నూతి మీద పడిపోయిందిరా. కైలాసగిరి కాలిపోయినట్టు ఎర్రగా ఉంది, ఒక్క చెట్టుకీ ఆకు లేదు. కాకులు ఎక్కడ వాలాలో తెలీక వీధిలో నడుస్తున్నాయి, మనుషుల్లాగా" అన్నాడు. మంచినీళ్ల కోసం జనం బిందెలతో బారులు తీరిన ఆ వారంలో కూడా ఆయన కుండ పెంకులో నీళ్లు పోసి పెట్టాడట, అక్క ఇప్పటికీ కోపంగా చెప్తుంది. కొన్ని వారాలకి మోడుల నిండా లేత చిగుళ్లు వచ్చాయి, కాలం కాని కాలంలో. జామచెట్టు మాత్రం లేవలేదు. బాబాయి కూడా ఆ తర్వాత కెమెరా తీయలేదు.

*

ఇప్పుడు మధురవాడలో ఆరో అంతస్తు. ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అని నాలుగు రోజులు జరుగుతుంది, ఎక్కడైనా పదిహేను నిమిషాలు నిలబడి కనిపించిన, వినిపించిన పిట్టలన్నీ లెక్కపెట్టి ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో నమోదు చేయడమే. అమెరికాలో 1998లో మొదలైంది, 2013 నుంచి మనమూ చేస్తున్నాం. నాకు పెరడు లేదు, బాల్కనీయే బ్యాక్‌యార్డు. ఈ ఏడాది నా జాబితా: పావురాలు ఇరవై ఆరు, కాకులు ఏడు, గద్దలు రెండు, రామచిలుకలు నాలుగు, ఒక తేనెపిట్ట. తేనెపిట్ట నిగనిగలాడే కోటులోనే ఉంది. పిచ్చుక గడిలో సున్నా.

దేశంలోనే పిచ్చుకలు లేకుండా పోయాయని కాదు. 2020లో వచ్చిన స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ నివేదిక దేశం మొత్తం మీద వాటి సంఖ్య నిలకడగానే ఉందనీ, పెద్ద నగరాల్లో తగ్గుతోందనీ చెప్పింది. పూర్ణామార్కెట్‌లో బియ్యం బస్తాల మధ్య నేనే చూశాను, హాయిగా ఉన్నాయి. మా ఇంట్లోనే లేవు.

డబ్బా ఇంటికి తెచ్చుకున్నాక వారం రోజులు రాత్రుళ్లు కూర్చుని నెగటివ్‌లన్నీ ఒక్కొక్కటీ స్కాన్ చేశాను. పదకొండు రీళ్లు. పిగిలిపిట్టలు, లకుముకి, నలంచి, కోయిల, గుడ్లగూబ పిల్లలు, జామాకు వెనక ఎరుపు. రీలుకి ముప్ఫై ఆరింట్లో, అలాంటి పదకొండు రీళ్లలో, ఒక్క పిచ్చుకా లేదు. లెక్కల పుస్తకం అంతా వెతికాను. ఆ మాటే లేదు.

నిన్న ఒకటి దొరికింది. పిట్టల ఫొటో కాదు. సంక్రాంతికి అక్క కొత్త పరికిణీ కట్టుకుని అరుగు మీద నిలబడితే బాబాయి తీసింది. అక్క తల పక్కన, వెనకగా, కుచ్చు. కుచ్చు మీద గోధుమరంగు మచ్చ ఒకటి, మసకగా. జూమ్ చేస్తే ముక్కులాంటిది కూడా ఉంది. అక్క ఇంటికి పరిగెత్తాను.

అక్క కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "పిచ్చుక కాదురా, నెగటివ్ మీద బూజు. ఇదిగో, ఇక్కడా ఉంది, ఇక్కడా ఉంది" అంది. నిజమే, పైమూల రెండు మచ్చలు అలాంటివే ఉన్నాయి. వాదించాను. తను కంసాలిపిట్టని ముందు చూసిన మనిషి, వినదు. విసుక్కుంటూనే వేళ్లతో ఫొటోని పైకీ కిందికీ జరిపింది, పరికిణీ అంచు చూసుకోవడానికి అనుకుంటా. అక్కడ ఆగింది. తన పాదాల చుట్టూ నేల మీద సన్నగా, తెల్లగా, చెల్లాచెదురుగా ఏదో ఉంది.

ఫోన్ ఇంకా దగ్గరికి లాక్కుంది.

"మామ్మ అప్పటికింకా ఊడవలేదురా" అంది.